పరామర్శకు వెళ్లొద్దన్నది నేనే

"మూడేళ్లయింది. మీ డాక్టరు ఒక్కసారి కూడా నన్ను పలకరించలేదు."

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మీడియేషన్ (కోర్టు బయట రాజీ చర్చ) రోజున కాఫీ మెషిన్ దగ్గర ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇది. భర్తను పోగొట్టుకుని, నేను లాయరుగా ఉన్న డాక్టరు గారి మీద మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో నిర్లక్ష్యం) కేసు వేసింది ఆవిడే. ఆవిడకు లాయరు ఉన్నాడు కాబట్టి కేసు గురించి ఆవిడతో నేను ఒక్క మాట మాట్లాడినా నియమం తప్పినట్టే. తల వంచుకుని పక్కకు తప్పుకున్నాను. ఆ రోజే కేసు సెటిలైంది. ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఎందుకంటే డాక్టరు గారు పలకరించడానికి వెళ్తానంటే ఆపింది నేనే.

గుంటూరులో కొన్నేళ్లు ప్రాక్టీసు చేసి ఇక్కడికి వచ్చాను. అక్కడి లాయర్లు కాలిఫోర్నియా బార్ పరీక్ష రాయవచ్చు. రాసి పాసయ్యాను. పద్నాలుగేళ్లుగా డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల తరఫున నిలబడుతున్నాను. మొదటి రోజు అందరికీ ఒకటే చెబుతాను. కేస్ షీట్ మళ్లీ తెరవకండి, ఎవరు ఎన్ని గంటలకు తెరిచారో కంప్యూటర్‌లో నమోదవుతుంది. స్నేహితులకు మెసేజ్‌లు పెట్టకండి. రోగి ఇంటివాళ్లకు ఫోన్ చేయకండి.

ఈ డాక్టరు గారిది కృష్ణా జిల్లా. అరవై దాటాయి. (వివరాలు కొంత మార్చే రాస్తున్నాను.) రోగి పోయిన పదో రోజున ఇంటివాళ్లు రికార్డులు అడిగారు. ఆయన ఇన్సూరెన్స్ వాళ్లకు చెబితే వాళ్లు నాకు అప్పగించారు. "అమ్మా, పదేళ్లు నా దగ్గరికి వచ్చిన మనిషి. పోతే ఇంటికి వెళ్లకుండా ఎట్లా ఉంటాను?" అన్నారు. "ఇప్పుడొద్దు డాక్టర్ గారూ, తర్వాత చూద్దాం" అన్నాను. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు.

నిజానికి ఇక్కడి చట్టం పరామర్శను తప్పు పట్టదు. కాలిఫోర్నియా ఎవిడెన్స్ కోడ్ 1160వ సెక్షన్ ప్రకారం, బాధితులకో వాళ్ల కుటుంబానికో చెప్పిన సానుభూతి మాటల్ని తప్పు ఒప్పుకున్నట్టుగా కోర్టులో వాడకూడదు. 2023కు ముందైతే, అదే నోటితో డాక్టరు "తప్పు నాదే" అంటే ఆ ముక్క మాత్రం వాడగలిగేవారు. ఇంగ్లిషులో రెండింటికీ 'సారీ' ఒక్కటే మాట, అందుకే దాన్ని విడదీయడానికి సెక్షన్ కావలసి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు. మనకు 'అయ్యో, ఎంత పని జరిగింది' వేరు, 'తప్పయిపోయింది' వేరు. చావు ఇంట్లో మనం సారీ చెప్పం. కాసేపు కూర్చుని, వెళ్లొస్తామని కూడా అనకుండా లేచి వస్తాం. అందులో ఏ లాయరూ పట్టుకోగల మాట ఉండదు. ఇన్నేళ్లలో నాకు ఇది తట్టలేదు.

నా భయానికి కారణం లేకపోలేదు. ఒక నర్సు ఏడుస్తూ "నా వల్లే" అన్నది. ఫిర్యాదు మొదటి పేజీలో ఆ మాటే ఉంది. మందు మోతాదులో తప్పు ఆమెది కాదని తేలేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఆమె నిద్రపోయిందో లేదో నాకు తెలుసు.

పైగా ఇక్కడ డబ్బు కట్టేస్తే తీరిపోదు. ఇల్లు అలకగానే పండగ కాదు. డాక్టరు పేరు మీద ఎంత చిన్న మొత్తం చెల్లించినా, డాక్టర్ల మీద ఇలాంటి చెల్లింపులు నమోదు చేసే, 1990 నుంచి నడుస్తున్న జాతీయ ప్రాక్టీషనర్ డేటా బ్యాంకుకు ఎక్కాల్సిందే. ఆస్పత్రులు తమ డాక్టర్ల గురించి రెండేళ్లకోసారి అందులో చూడాలి. సెటిల్‌మెంట్ 30,000 డాలర్లు దాటితే రాష్ట్ర మెడికల్ బోర్డుకూ తెలియజేయాలి. అక్కడ లైసెన్స్ విచారణ మొదలు కావచ్చు. బోర్డు ఆరోపణ పత్రం ఇస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ పత్రం వెబ్‌సైట్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల పేరు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషిని ఎట్లా మాట్లాడనిస్తాను?

మా నాన్న తెనాలిలో పోయినప్పుడు ఆపరేషన్ చేసిన డాక్టరు గారు పదకొండో రోజున వచ్చారు. అమ్మ పక్కన కింద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటుంది. ఇక్కడ ఎవరి ముఖంలోనైనా నేను వెతుక్కునేది అదే. అయితే ఆ రాత్రి ఆస్పత్రిలో ఏం జరిగిందో మాకు ఈ రోజుకూ తెలియదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లా కాలేజీలో నేను చదువుకున్నదే. అయినా మా ఇంట్లో ఒక్కరం కూడా కేస్ షీట్ చూపించమని అడగలేదు. వచ్చి కూర్చున్న మనిషిని ఏమని అడుగుతాం? ఈ పెద్దావిడకు మాత్రం భర్త రిపోర్టు ఎప్పుడు వచ్చిందో, ఎవరు ఎప్పుడు చూశారో నిమిషాలతో సహా తెలుసు. కేసు వేయబట్టే తెలిసింది.

జరిగింది దాచకుండా చెప్పి, తప్పుంటే ఒప్పుకుని, పరిహారం తామే ఇవ్వజూపే పద్ధతిని మిషిగన్ యూనివర్సిటీ ఆస్పత్రులు 2001లో మొదలుపెట్టాయి. అక్కడ కేసులు పెరగలేదు, తగ్గాయి. ఆ వ్యాసం చాలా ఏళ్ల కిందటే చదివి పక్కన పెట్టాను.

సోమవారం డాక్టరు గారు నా ఆఫీసుకు వచ్చి ఒక కవరు ఇచ్చారు. ఆవిడకు రాసిన ఉత్తరం, చేతిరాత, ఆరు వాక్యాలు. "బోర్డు ఏం చేస్తే అది చేయనీ అమ్మా, దీన్ని మాత్రం ఆపొద్దు" అన్నారు. ఎన్నిసార్లు చదివానో. నాలుగో వాక్యం దగ్గర ప్రతిసారీ పెన్ను తీశాను. కొట్టేయలేదు.

ఇవాళ పొద్దున ఆవిడ లాయరుకు ఫోన్ చేసి, ఉత్తరం పంపవచ్చా అని అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడను అడిగి చెబుతానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.