పక్కింటి తాతగారి శిలువ

మా అబ్బాయికి సైకిలు నేర్పింది పక్కింటి తాతగారే. వియత్నాంలో పోరాడి వచ్చిన మనిషి. మొన్న వెటరన్స్ డే (ఇక్కడ అమెరికాలో మాజీ సైనికులను గౌరవించే రోజు) ముందు మా అమ్మాయిని పిలిచి, చిన్న డబ్బాలోంచి ఒక కంచు శిలువ పతకం తీసి అరచేతిలో పెట్టారు. ఇది సైన్యం ఇచ్చింది కాదు, 'డాటర్స్' అనే సంఘం వాళ్ళు ఇచ్చారని చెప్పారట. పిల్ల ఇంటికొచ్చి అడిగింది: "అమ్మా, మా ఫ్రెండు వాళ్ళ తాతయ్య కూడా వియత్నాం వెళ్ళాడుగా, ఆయనకీ ఇచ్చారా?" ఆ ఫ్రెండు నల్లమ్మాయి.

ఆ డాటర్స్ అంటే యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ, 1894లో నాష్‌విల్‌లో పుట్టిన ఆడవాళ్ళ సంఘం. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరసీ, అంటే దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల తరఫున పోరాడినవాళ్ళ వారసురాళ్ళే సభ్యులు. మొదట ఆ ముసలి సైనికులకే శిలువలు ఇచ్చారు. మొట్టమొదటిది 1900లో, మా జార్జియా రాష్ట్రంలోనే, మాకు గంట పైచిలుకు దూరంలో ఉన్న ఏథెన్స్‌లో. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం మొదలుకొని వియత్నాం, ఆ తర్వాతి యుద్ధాల వాళ్ళకీ వేరే శిలువలు పెట్టారు. మచ్చలేకుండా సైన్యంలో పనిచేసి ఉంటే సరిపోదు, కాన్ఫెడరేట్ సైనికుడికి నేరుగా వంశీకుడై కూడా ఉండాలి.

ఆ యుద్ధం దేనికోసం జరిగిందో మా అమ్మాయికి తెలుసు. యూనియన్ (అమెరికా సంయుక్త రాష్ట్రాల) నుంచి ఎందుకు విడిపోతున్నామో చెబుతూ 1861లో జార్జియా రాసుకున్న ప్రకటనలో రెండో వాక్యంలోనే బానిసత్వం మాట ఉంది. కానీ ఈ సంఘానికి చరిత్రకారిణిగా పనిచేసినావిడ వందేళ్ళ కిందట, ఆ మాట చెప్పే పాఠ్యపుస్తకాలను బడుల్లోకి రానివ్వొద్దని ప్రచారం చేసింది. పిల్లల చదువు కోసమే ఇంత దూరం వచ్చినవాళ్ళం కదా, పతకాలకన్నా ఈ సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఊరినుంచి చుట్టాలొస్తే మేం తప్పకుండా తీసుకెళ్ళే స్టోన్ మౌంటెన్ అనే కొండ మీద ముగ్గురు కాన్ఫెడరేట్ నాయకుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. వాటికి బీజం వేసిందీ ఈ సంఘం ఆడవాళ్ళే.

మేముండేది ఫోర్సైత్ కౌంటీలో. ఇప్పుడిక్కడ ఇండియన్ గ్రోసరీకి వెళితే చుట్టూ తెలుగే. 1912లో ఇక్కణ్ణుంచే వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళని తరిమేశారు. 1987లో ఇక్కడ నిరసన ఊరేగింపు తీసేదాకా కూడా వాళ్ళు దాదాపు తిరిగి రాలేదు. ఇల్లు కొనేముందు స్కూళ్ళ గురించి వందమందిని అడిగాం. ఈ నేల గురించి ఒక్కరినీ అడగలేదు.

వంశం చూసి ఇచ్చే పతకమని చెప్పగానే పిల్ల అంది: "అయితే అత్తయ్య వాళ్ళు కొత్తవాళ్ళు కనిపించగానే 'మనవాళ్ళేనా' అంటారే, అలాంటిదా?"

అలాంటిదే. అవునన్నాను. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి మా తాతయ్య గురించి చెప్పాను. ఆయనది తాడేపల్లిగూడెం పక్క మాధవరం. ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళే ఊరు కాబట్టి మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి బర్మా స్టార్‌తో తిరిగొచ్చారు. ఆయన తెల్లదొరల సైన్యంలో ఉన్న రోజుల్లోనే, 1942లో, క్విట్ ఇండియా అన్నందుకు మనవాళ్ళు జైళ్ళకెళ్ళారు. అమ్మమ్మ ఆ పతకాన్ని పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో దాచింది. తాతయ్యంటే నాకు ప్రాణం. అంతమాత్రాన తెల్లదొరల పాలన మంచిదని నేను అనను. పక్కింటి తాతగారి విషయంలోనూ అంతే. వియత్నాంలో ఆయన పడ్డ కష్టానికి దణ్ణం పెట్టమన్నాను. ఆ శిలువ ఎవరి పేరున ఇచ్చారో మాత్రం మర్చిపోవద్దన్నాను.

వెటరన్స్ డే నాడు గారెలు వేసి డబ్బాలో పెట్టి, పిల్లతో తాతగారింటికి పంపాను. గంటన్నర తర్వాత వచ్చింది. వియత్నాంలో మీ పక్కన ఎవరుండేవాళ్ళని అడిగిందట. నలుగురి పేర్లు కాగితం మీద రాయించుకొచ్చింది. అందులో ఇద్దరు నల్లవాళ్ళు, ఒకరు తిరిగి రాలేదు. శిలువ మాట ఈసారి ఇద్దరూ ఎత్తలేదట.

వచ్చేవారం అడుగుతానంటోంది. అడగమన్నాను.