వెనక టైరుకి ముందు సీటు

ఏప్రిల్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని ఐదు రోజులు ఆర్‌వీలో, అంటే లోపలే మంచాలూ వంటగదీ బాత్రూమూ ఉండే బండిలో, తిరిగొచ్చాం. గ్రాండ్ కాన్యన్ ఎలా ఉందని అడిగిన ప్రతివాళ్లకీ నేను భోజనం బల్ల గురించే చెబుతున్నాను. ఆ రోజు అద్దె యార్డులో ఆ బల్ల కోసం మూడు గంటలు నిలబడకపోయి ఉంటే అమ్మ మొదటి రోజు సాయంత్రానికే ఇంటికి పోదాం పద అనేది, నేను కాదనలేకపోయేవాణ్ణి.

మేముండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. ఫ్లాగ్‌స్టాఫ్, పేజ్, అక్కణ్ణుంచి కామెరాన్ దాకా వెనక్కొచ్చి డెజర్ట్ వ్యూ మీదుగా సౌత్ రిమ్, అంటే గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, మళ్లీ ఇల్లు. మొత్తం దాదాపు 700 మైళ్లు, అందరూ తిరిగే రూటే. మామూలుగా కారేసుకుని వెళ్లి హోటల్లో దిగేవాళ్లం. ఈసారి నాన్న మోకాళ్లు, అమ్మకి బయటి తిండి పడకపోవడం, పదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, ఇవన్నీ కలిపి చూసుకుని ఆర్‌వీ అనుకున్నాం. చవక అవుతుందని మాత్రం ఎవరూ అనుకోకండి. రోజుకి 189 డాలర్లు అని చూపిస్తారు, తర్వాత మైలుకి 45 సెంట్లు, బండి సిద్ధం చేసినందుకు ఒక ఫీజు, గిన్నెలకీ దుప్పట్లకీ మనిషికింత, జనరేటర్ వేస్తే గంటకింత. పెట్రోలు సంగతి సరే సరి, గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు ఇస్తే గొప్ప. ఇది చాలక పార్కు గేటు దగ్గర ఎంట్రీ ఫీజు.

బుక్ చేసే ముందు రెండు నెలలు రాత్రిళ్లు కూచుని లోపలి ప్లాన్లు చూశాను. మంచాలు అన్నింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, డ్రైవర్ నెత్తి మీద ఒకటి, వెనక ఒకటి. తేడా అంతా కూచుని తినే చోటే. రైలు బోగీలోలాగా ఎదురెదురు బెంచీలు, మధ్యలో బల్ల ఉండేది ఒక రకం, దీన్ని బూత్ అంటారు. గోడ చుట్టూ యూ ఆకారంలో సోఫా తిప్పి మధ్యలో బల్ల పెట్టేది ఇంకో రకం. పెద్ద బళ్లలో అయితే విడిగా బల్లా కుర్చీలూ ఉంటాయి, చూడ్డానికి ఇల్లులాగే ఉంటుంది గానీ బండి కదిలితే ఆ కుర్చీల్లో ఎవరూ కూచోకూడదు. నాకు యూ సోఫా మీద మనసు పడింది. ఫోటోలో ఆరుగురూ ఒక చుట్టూ కూచుని తింటున్నట్టు కనిపించింది, అమ్మానాన్నలు వచ్చిన ఏడాది అలా ఉండాలనిపించింది.

నా భార్య బూత్ కావాలంది. దాని కారణం చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. ఈ బళ్లలో వెనక సీట్లకి ఎక్కువగా నడుం బెల్టే ఉంటుంది, భుజం మీదుగా వచ్చేది ఉండదు. పిల్లల్ని ఎత్తుగా కూచోబెట్టే బూస్టర్ సీటుకి భుజం బెల్టు కూడా ఉండాలి, లేకపోతే దాని మీద పిల్లల్ని కూచోబెట్టకూడదు. మా బాబుకి ఇంకా సొంత పట్టీలున్న కారు సీటే వాడుతున్నాం, అది నడుం బెల్టుతో బిగించవచ్చు, కానీ సీటు ముందుకి తిరిగి ఉండాలి. పక్కకి తిరిగిన సోఫా మీద పిల్లల సీటు పెట్టనే కూడదు. బూత్‌లో ఒక బెంచీ కచ్చితంగా ముందుకి తిరిగి ఉంటుంది. సరేనని 25 అడుగుల బండి, బూత్ ఉన్నది బుక్ చేశాను.

యార్డుకి వెళ్తే ఆ బండి లేదు. 31 అడుగులది ఇస్తామన్నారు, అదే డబ్బుకి పెద్దది, వెనకంతా యూ సోఫా. కాగితాల్లో 'ఇదే లేదా ఇలాంటిదే' అని చిన్న అక్షరాల్లో ఉందట. రెండు నెలలు ప్లాన్లు చూసి, డబ్బులు ముందే కట్టి, వచ్చాక ఇలాంటిదే అంటే ఎలా ఉంటుందో కట్టినవాళ్లకే తెలుస్తుంది. అయినా లోపలికి ఎక్కగానే నా కోపం సగం దిగిపోయింది. మూడువైపులా అద్దాలు, మెత్తటి సోఫా, నేను ఫోటోలో చూసిందే. సంతకం పెట్టడానికి కూడా సిద్ధమయ్యాను.

నాన్న లోపలికి రాలేదు. ఆయన 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు, తణుకు డిపోలో రిటైరయ్యారు. పల్లెవెలుగు నుంచి హైదరాబాద్ నైట్ సర్వీసు దాకా అన్నీ నడిపారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు, వెనక టైరు దగ్గర ఆగి, అక్కణ్ణుంచి బంపరు దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. నన్ను కిందికి పిలిచారు.

"ఒరేయ్, టైరుకి వెనకాల పదడుగుల తోకుంది. మీ బల్ల ఆ తోకలో ఉంది. పిల్లల్ని అక్కడ కూచోబెడతావా?"

నేను ఏదో చెప్పబోయాను. "బస్సులో లాస్టు సీటు ఎందుకు ఖాళీగా ఉంటదో నీకు తెలీదా? గుంతలో పడితే ముందువాడికి కుదుపు, వెనకవాడికి నెత్తి తగులుద్ది. మలుపులో ముందువాడు ఒరుగుతాడు, వెనకవాడు ఊగుతాడు. మీ అమ్మకి చెప్పు, ఎక్కడ కూచుంటదో అడుగు."

అమ్మని అడగక్కర్లేదు. చిన్నప్పుడు మేం బస్సులో ఎక్కడికి వెళ్లినా అమ్మ చేతిలో నిమ్మకాయ ఉండేది, తణుకు నుంచి రాజమండ్రి వెళ్లేలోపు రెండుసార్లు కిటికీలోంచి తల బయట పెట్టేది. బస్సు డ్రైవరు భార్యకి బస్సు పడదు అని చుట్టాలు అనుకునేవాళ్లు. నాన్న డ్యూటీలో ఉన్న బస్సెక్కితే మాత్రం ఆవిణ్ణి రెండు చక్రాలకీ మధ్య ఉన్న సీట్లోనే కూచోబెట్టేవారు, ముందే కండక్టరుతో చెప్పి ఆపించి. నాకు అది అమ్మ మీద ప్రేమ అని మాత్రమే తెలుసు. ఎందుకు ఆ సీటో ఇన్నేళ్లకి అరిజోనాలో ఒక పార్కింగ్ స్థలంలో తెలిసింది.

తర్వాత ఆయన లోపలికొచ్చి సోఫాలో కూచున్నారు. లేవడానికి నేనూ పాపా చెరో చెయ్యీ ఇవ్వాల్సి వచ్చింది, అంత కిందికి ఉంది. యూ సోఫాలో మూలకి కూచున్నవాడు లేవాలంటే బయటివాళ్లందరూ లేవాలి, రాత్రి మూడుసార్లు బాత్రూముకి వెళ్లే మనిషికి అది ఎంత ఇబ్బందో నాకు ఫోటో చూసినప్పుడు తట్టలేదు. బెల్టులు చూస్తే రెండే. ఇది మాకొద్దన్నాను.

ఇంకోటి చూపించారు, 28 అడుగులది. బూత్ ఉంది, అయితే అది స్లైడవుట్‌లో ఉంది, అంటే ఆపాక మీట నొక్కితే ఆ గోడ, బల్లతో సహా బయటికి జరుగుతుంది. విప్పి ఉంచి చూపిస్తే విశాలంగానే ఉంది. నాన్న ఒక్కటే అడిగారు, "ఇది మూసినప్పుడు ఇందులో కూచుని తినగలమా?" మూయించి చూశాం. బెంచీ వచ్చి ఫ్రిజ్ తలుపుకి అడ్డంగా నిలబడింది, మనిషి పక్కకి తిరిగి పోవాలి. దారిలో ఎక్కడో రోడ్డు పక్కన ఆపి భోజనం చేద్దామంటే పక్కన మూడడుగుల ఖాళీ వెతుక్కుని, విప్పుకుని, తిని, మళ్లీ మూసుకోవాలి. నాన్నకి చేతికి అందేలా గుండె మాత్రలూ మంచినీళ్లూ ఉండాలి. అదీ వద్దన్నాం. కౌంటరులో అతను గడియారం చూసుకుంటున్నాడు, నాకు టెన్షన్, పిల్లలకి ఆకలి.

చివరికి శుభ్రం చేయని బండి ఒకటి వెనక వరసలో ఉంటే అదే అడిగి తీసుకున్నాం. పాతది, 25 అడుగులు, స్లైడవుట్ లేదు. బూత్ డ్రైవరు సీటు వెనకే, రెండు చక్రాలకీ మధ్య. కుషన్ ఒక మూల చిరిగింది. కూచునే ఎత్తు కుర్చీ ఎత్తుంది, కింద సామాన్ల పెట్టె కాబట్టి. బల్లకి గోడవైపు పట్టీ, ఇవతల ఒక్కటే కాలు, అది కాస్త లోపలికి ఉంది. నాన్న నడవ పక్కన కూచుని కుడికాలు బయటికి చాపుకుని చూసుకున్నారు. కుషన్ ఎత్తి కింద చూశారు, బెల్టు చెక్కకి కొట్టారా, ఇనప ఫ్రేముకి బిగించారా అని. నాలుగు బెల్టులూ ఒక్కొక్కటీ గట్టిగా గుంజారు. అప్పుడు "ఇది తీసుకో" అన్నారు.

ముందు క్యాబిన్‌లోకి ఎక్కగానే ఆయన ముఖం మారిపోయింది. ఈ బళ్లకి ఫోర్డు వ్యాను ముందుభాగం ఉంటుంది, ఇంజన్ సగం క్యాబిన్‌లోకి, రెండు సీట్ల మధ్యకి పొడుచుకుని వస్తుంది. దాని మీద చెయ్యేసి "బానెట్టు!" అన్నారు. డ్యూటీలో ఆయన క్యారేజీ బానెట్ పక్కనే పెట్టుకునేవారు, మధ్యాహ్నానికి కూడా అన్నం వెచ్చగా ఉండేదట. ఎక్కువ రోజులు భోజనం ఆ బస్సు మెట్టు మీద కూచునే.

ముందు సీటు నాన్నకే అనుకున్నాం. ఆయన అమ్మనెక్కించారు. "ముందు కూచుంటే దానికి ఏమీ అవదు, రోడ్డు కనపడుద్ది" అన్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. పిల్లలిద్దరూ ముందుకి తిరిగిన బెంచీ మీద, వాళ్లకి ఎదురుగా, రోడ్డుకి వీపు పెట్టి, నా భార్య గోడవైపు, నాన్న నడవవైపు. ఆవిడ వెంటనే "మావయ్యగారూ, మీరు కిటికీ పక్కకి రండి, ఆగినప్పుడు మారదాం" అని జరిగింది. అలా ఆయన ఎడమవైపు పెద్ద అద్దం పక్కన కూచున్నారు.

ఫ్లాగ్‌స్టాఫ్ దారిలో క్యాంప్‌వర్డి ఊరు దాటాక రోడ్డంతా ఎక్కుడే, బండి వేగం నలభైకి పడిపోయి లారీల వెనకాల ఏడుస్తుంది. అమ్మ నిమ్మకాయ ఒళ్లో పెట్టుకుని రోడ్డునే చూస్తూ కూచుంది, ఒక్కసారి కూడా వాసన చూడలేదు. ఫ్లాగ్‌స్టాఫ్ దాటాక గాలి, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని నేను రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. 89 నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్తుంటే ముందు ఉన్నది ఎర్రమట్టీ రాళ్లూ.

కామెరాన్‌లో ఆపి వెనక్కి తిరిగితే పాప బల్ల మీద మంచు కొండలు గీస్తోంది. ఎక్కడివని అడిగితే తాతయ్య చూపించారంది. ఫ్లాగ్‌స్టాఫ్ పక్కనుండే శాన్ ఫ్రాన్సిస్కో పీక్స్. అరిజోనాలో అన్నింటికన్నా ఎత్తైన హంఫ్రీస్ శిఖరం, 12,633 అడుగులు, అక్కడే ఉంది. ఉత్తరానికి వెళ్లేవాడికి అవి వెనకాలే ఉండిపోతాయి. నేను ఈ దారిలో ఐదుసార్లు వెళ్లాను, ఎప్పుడూ ఇంత సేపు చూడలేదు. నాన్న దాదాపు గంట సేపు, అవి చిన్నవయ్యేదాకా, ఆ అద్దంలోంచి చూస్తూనే ఉన్నారట.

"ఇన్నేళ్లూ ఎదురొచ్చేదే చూశానురా. వెనక్కిపోయేది అద్దంలో చూసినా, అది వెనక బండి కోసం" అన్నారు పులిహోర తింటూ. ఆగినప్పుడు మారదామన్న కోడలితో, ఇక్కడే బాగుందమ్మా అన్నారు. ఐదు రోజులూ ఆ సీటు వదల్లేదు.

పేజ్‌లో రెండు రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా లేదు. నది వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ దగ్గర జనం, ఎండ, నాన్న బండిలోనే ఉండిపోయారు.

సౌత్ రిమ్‌లో ఆర్‌వీలు ఆపుకుని కరెంటు పెట్టుకునే ట్రైలర్ విలేజ్‌లో దిగాం. పక్కనే మేథర్ క్యాంప్‌గ్రౌండ్ చవక, కానీ అక్కడ కరెంటు ఉండదు, రైస్ కుక్కరు పెట్టాలంటే జనరేటరే. ఏడు వేల అడుగుల ఎత్తు, రాత్రి చలి బాగా ఉంది. హీటరు, కుక్కరు, మైక్రోవేవ్ కలిపి వేస్తే బ్రేకరు పడిపోయింది, ఒకదాని తర్వాత ఒకటి వేసుకున్నాం. అమ్మ పప్పుచారుకి ఎండుమిరపకాయల పోపు వేస్తే పొగ అలారం మోగింది, కిటికీలన్నీ తీసి, తువ్వాలుతో విసిరి ఆపాం. నలుగురు పట్టే బల్ల చుట్టూ ఆరుగురం సర్దుకున్నాం, బాబు నాన్న ఒళ్లో, నేను చివర ఒక ప్లాస్టిక్ స్టూలు మీద. యూ సోఫా అయితే అందరికీ చోటుండేది, నిజమే. అద్దం అవతల నాలుగడుగుల దూరంలో ఒక ఎల్క్, పెద్ద జింకలాంటిది, వచ్చి నిలబడి గడ్డి తింటోంది. ఎవరం మాట్లాడలేదు. నాన్న చేతిలో ముద్ద అలాగే ఉంది.

రాత్రి ఆ బల్లే పిల్లల మంచం. కాలు తీసి, పలకని బెంచీల మధ్యకి దించి, వీపు కుషన్లు పరిస్తే సరి. మధ్యలో వేళ్లు పట్టేంత సందు వస్తుంది, దుప్పటి మడిచి కూరాం. పొద్దున్నే కాఫీకి ముందే దాన్ని మళ్లీ బల్ల చేయడం నాన్న పని అయింది. పిల్లల్ని లేపకుండా ఒక్కొక్క కుషన్ తీసేవారు.

బండి తిరిగిచ్చేటప్పుడు చిరిగిన కుషన్‌కి డబ్బులు అడిగారు. తీసుకున్న రోజే నా భార్య ఫోటో తీసి పెట్టింది కాబట్టి బతికాం, మీరూ తప్పకుండా తీసుకోండి.

అమ్మానాన్నలు జూన్‌లో తణుకు వెళ్లిపోయారు. మళ్లీ వస్తే యెల్లోస్టోన్ వెళ్దామని ఇప్పటినుంచే బళ్లు చూస్తున్నాను. మొన్న ఫోన్‌లో ఒకటి నచ్చిందని ఇంకా పూర్తిగా చెప్పకముందే నాన్న అడ్డొచ్చారు.

"బల్ల టైరుకి ముందా, వెనకా?"

"ముందే నాన్నా. నాలుగడుగులు ముందు."

"కిటికీ ఉందా?"