వెనక రెండు బటన్ల కోసం ఒక కంట్రోలర్

కంట్రోలర్‌తో (రెండు చేతులతో పట్టుకొనే బటన్ల పరికరంతో) ఆడే వీడియో ఆటలలో కుడి బొటనవేలికి ఉన్నంత పని మరే వేలికీ లేదు. చుట్టూ చూడాలన్నా, గురి పెట్టాలన్నా అది కుడి స్టిక్ (అన్ని వైపులకూ తిప్పే చిన్న కాడ) మీద ఉండాలి. దూకాలన్నా, వంగాలన్నా, తుపాకీలో తూటాలు నింపాలన్నా అదే వేలు స్టిక్‌ను వదిలి పక్కనున్న నాలుగు బటన్ల మీదికి పోవాలి. పోయి వచ్చే ఆ అరక్షణంపాటు చూపు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అనే ఆటలో ఈ ఇబ్బంది బాగా తెలుస్తుంది. పరుగెత్తడానికి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ మీద బి బటన్‌ను నొక్కి పట్టుకొనే ఉండాలి. వెంటపడుతున్నది ఎంత దూరంలో ఉందో చూడటానికి సరిగ్గా అదే సమయంలో కుడి స్టిక్ తిప్పాలి. ఇందుకోసం చాలామంది చూపుడువేలిని కొక్కెంలా వంచి బటన్ మీదికి తెచ్చి, బొటనవేలిని స్టిక్ మీదే ఉంచుతారు. దీనిని క్లా గ్రిప్ అంటారు. నేనూ చాలాకాలం అలాగే ఆడాను. ఆట సాగుతుంది గాని, గంట గడిచేసరికి చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా నరం లాగడం మొదలవుతుంది.

మార్పులు చేసుకోవడానికి వీలున్న కంట్రోలర్ కొనాలన్న ఆలోచన నాకు ఈ ఒక్క కారణంతోనే వచ్చింది. ఇప్పటికీ నా దృష్టిలో అంత డబ్బు పెట్టదగిన కారణం ఇదొక్కటే. అమ్మేవాళ్లు చెప్పే విశేషాల జాబితా చాలా పెద్దది: ఊడదీసి మార్చుకొనే స్టిక్ టోపీలు, తగ్గించుకోగల ట్రిగ్గర్ (చూపుడువేలితో నొక్కే మీట) లోతు, స్టిక్ బిగువు, దాచుకోదగిన ప్రొఫైళ్లు (బటన్ల పనుల అమరికలు), రంగురంగుల దీపాలు. వీటిలో కొన్ని నిజంగా ఉపయోగపడతాయి. అయితే కంట్రోలర్ వెనకవైపు నడిమి వేళ్లకు అందేలా ఉండే వెనక బటన్లు లేనప్పుడు ఇవన్నీ ఉన్నా కొననక్కరలేదనీ, వెనక బటన్లు చేతికి సరిగ్గా అమరినప్పుడు ఇవేవీ లేకపోయినా పెద్ద లోటు లేదనీ నా అభిప్రాయం.

వెనక బటన్లను కొత్త బటన్లుగా భావించరాదు. ఆటల యంత్రాలైన ఎక్స్‌బాక్స్‌లోనూ, ప్లేస్టేషన్‌లోనూ అవి ముందున్న బటన్లలో ఏదో ఒకదానికి నకలుగా మాత్రమే పనిచేస్తాయి; ఎ బటన్ పనిని వెనకకు అప్పగిస్తే, వెనక నొక్కినప్పుడు ఆటకు ఎ నొక్కినట్టే తెలుస్తుంది. మారేది ఆ పని చేసే వేలు మాత్రమే. ఇంతకాలం కంట్రోలర్‌ను మోయడం తప్ప మరే పనీ లేని నడిమి వేలికి ఒక ఉద్యోగం దొరుకుతుంది, బొటనవేలు స్టిక్ మీద స్థిరపడుతుంది.

ఎంపిక మొదలుపెట్టేటప్పుడు ముందుగా చూడవలసినది ఆడే యంత్రం. పిఎస్5 (ప్లేస్టేషన్ 5) ఆటలకు అంతకు ముందు తరం ప్లేస్టేషన్ కంట్రోలర్ డ్యుయల్‌షాక్ 4 కూడా పనికిరాదు, కాబట్టి ఆ యంత్రం ఉన్నవారికి దారి చాలా ఇరుకు. ఎక్స్‌బాక్స్‌కు మైక్రోసాఫ్ట్ అనుమతి పొందినవే కావాలి. నాలాగా కంప్యూటర్ మీద ఆడేవారికి ఈ బాధ లేదు. దాదాపు ఏదైనా పనిచేస్తుంది, ఆటలు కొని ఆడుకొనే స్టీమ్ అనే ప్రోగ్రామ్‌లోనే ప్రతి బటన్‌కూ ఆట వారీగా పని మార్చుకొనే సౌకర్యం ఉంది. పేరుపొందిన రెండింటిలో ఎక్స్‌బాక్స్ ఎలైట్ సిరీస్ 2 అనేది 2019 నవంబరులో 179.99 డాలర్లకూ, ప్లేస్టేషన్ వారి డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ 2023 జనవరిలో 199.99 డాలర్లకూ అమెరికాలో విడుదలయ్యాయి. మన దగ్గరికి వచ్చేసరికి ఆ సొమ్ముతో ఒక మంచి మొబైల్ ఫోనే వస్తుంది. ఇంట్లో ఆ లెక్క చెప్పి ఒప్పించడం నాకు సాధ్యం కాలేదు. అది మంచిదే అయింది.

ధరకంటే పెద్ద చిక్కు, వీటిని చేత పట్టి చూసే అవకాశం లేకపోవడం. అనంతపురంలో క్లాక్ టవర్ చుట్టుపక్కల కంప్యూటర్ దుకాణాలలో నాకు కనిపించినవన్నీ మామూలు యు.ఎస్.బి. గేమ్‌ప్యాడ్లే. వెనక బటన్లున్నవి కావాలంటే ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించుకోవాలి, లేదా రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు పోవాలి. అక్కడ కూడా డబ్బా విప్పి చూపించమంటే అందరూ ఒప్పుకోరు. నాకు కలిసివచ్చినది ఏమిటంటే, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాయన కొడుకు దగ్గర ఎలైట్ సిరీస్ 2 ఉంది. పండుగకు వచ్చినప్పుడల్లా సంచిలో పెట్టుకొని వస్తాడు. దానితో ఆడిన రోజులలోనే నాకేమి కావాలో, ఏమి అక్కరలేదో తేలిపోయింది.

దాని వెనక నాలుగు పాడిళ్లు ఉంటాయి. చిన్న లోహపు రేకుల్లాంటివి, అయస్కాంతంతో అంటుకొని ఉంటాయి, లాగితే వచ్చేస్తాయి. నా చేతులు కొంచెం చిన్నవి. కంట్రోలర్‌ను బిగించి పట్టుకోవడానికి ఉంగరపు వేలు ఎక్కడ ఆనాలో సరిగ్గా అక్కడే కింది జత పాడిళ్లు ఉన్నాయి. ఆట ఉద్రిక్తంగా మారిన ప్రతిసారీ నా పట్టు బిగిసి, నాకు తెలియకుండానే ఆటలోని బొమ్మ దూకుతూ ఉండేది. మా తమ్ముడివి పెద్ద చేతులు, అయినా అతడూ అదే మాట అన్నాడు: "అన్నా, ఆ కింది రెండూ పీకి పక్కన పెట్టినా నేను. ఊరికే అడ్డమొస్తాండాయి." నాలుగున్నది రెండున్నదానికంటే మేలని అనుకోవడానికి ఆధారం లేదని ఆ రోజే నాకు అర్థమైంది. బరువు మరో సంగతి. ఎలైట్ సిరీస్ 2 బరువు 345 గ్రాములు. చేతిలోకి తీసుకోగానే ఆ బరువు నాణ్యతలా అనిపిస్తుంది. రాత్రి భోజనమయ్యాక మొదలుపెట్టి పొద్దుపోయేదాకా ఆడితే మాత్రం బరువుగానే అనిపిస్తుంది.

ఇక స్టిక్ లోపలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవారిలో చాలామంది దీనిని చూడరు. మామూలు స్టిక్ కింద పొటెన్షియోమీటర్లు ఉంటాయి. స్టిక్‌ను కదిపినప్పుడు ఒక చిన్న లోహపు స్పర్శకం నిరోధక పదార్థం పూసిన పట్టీ మీద రాసుకుంటూ జరుగుతుంది. అది ఎక్కడుందో దానినిబట్టి విద్యుత్ పీడనం మారుతుంది, ఆ మార్పును యంత్రం దిశగా చదువుకుంటుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల తప్పదు. పట్టీ అరిగాక, మనం స్టిక్‌ను ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తాను ఒక పక్కకు నడవడం మొదలుపెడుతుంది. స్టిక్ డ్రిఫ్ట్ అనే జబ్బు ఇదే. హాల్ సెన్సర్లున్న స్టిక్‌లో ఇలాంటి రాపిడి లేదు: స్టిక్‌తోపాటు ఒక అయస్కాంతం కదులుతుంది, దాని క్షేత్రంలో మార్పును సెన్సర్ ఏమీ తాకకుండానే పసిగడుతుంది. శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ ఈ ప్రభావాన్ని కనిపెట్టినది 1879లో. సెగా సంస్థ 1998లో జపాన్‌లో విడుదల చేసిన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్ స్టిక్‌లో దీనిని వాడనే వాడింది. అయినా పైన చెప్పిన రెండు ఖరీదైన కంట్రోలర్లలోనూ పొటెన్షియోమీటర్లే ఉన్నాయి. ఎడ్జ్‌లో కనీసం పాడైన స్టిక్ భాగాన్ని మొత్తంగా ఊడదీసి, విడిగా అమ్మే (2023లో 19.99 డాలర్లు) కొత్త భాగాన్ని బిగించుకోవచ్చు. హాల్ స్టిక్‌లేమో వాటిలో సగం ధర కూడా లేని గేమ్‌సర్, 8బిట్‌డూ కంట్రోలర్లలో దొరుకుతున్నాయి. ఇందులోని న్యాయం నాకు ఇప్పటికీ బోధపడలేదు.

చివరకు నేను తెప్పించుకొన్నది గేమ్‌సర్ జీ7 ఎస్ఈ. తీగతో పనిచేసేది, హాల్ స్టిక్‌లున్నది, వెనక రెండే బటన్లున్నది. అక్కరలేనప్పుడు ఆ బటన్లు నొక్కుడుపడకుండా బిగించుకొనే చిన్న మీట ఒక్కోదానికీ ఉంది. తీగ ఉండటం వెనకబాటుగా కొందరికి తోచవచ్చు. నేను కూర్చొనేది కంప్యూటర్ ముందే కాబట్టి ఛార్జింగ్ గొడవ లేకపోవడమే నాకు లాభంగా కనిపించింది. వైర్‌లెస్‌లోనే కావాలనుకొనేవారు బ్లూటూత్‌కంటే, డబ్బాలో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ డాంగుల్‌ను (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రిసీవర్‌ను) వాడుకోవడం మంచిది, ఆలస్యం తక్కువగా ఉంటుంది.

కొనడం ఒక ఎత్తు, చేతికి నేర్పడం మరొక ఎత్తు. మొదట కుడి వెనక బటన్‌కు ఎ పనిని మాత్రమే అప్పగించి, ఎడమదాన్ని మీటతో బిగించి ఉంచాను. తీరికగా నడిచేటప్పుడు నడిమి వేలు చెప్పినట్టే చేసేది. శత్రువు ఎదురుపడగానే, ఇంట్లో స్విచ్‌బోర్డును వేరే గోడకు మార్చాక కూడా చీకట్లో చెయ్యి పాత గోడనే తడిమినట్టు, బొటనవేలు స్టిక్‌ను వదిలి ఎ మీదికి పోయేది. కొత్త చోటు తెలియకపోవడం కాదు సమస్య. పాత చోటు ఇంకా పనిచేస్తూ ఉండటం. అందుకని ముందున్న ఎ బటన్‌కు ఏ పనీ లేకుండా చేశాను. అప్పటినుంచి దాని మీద ఎన్నిసార్లు నొక్కినా బొమ్మ దూకదు, దెబ్బ తింటుంది. ఇంతకంటే వేగంగా నేర్పే పద్ధతి నాకు తెలియదు. కొన్నాళ్లకు వేలు అటు పోవడం మానేసింది, అప్పుడు మళ్లీ ఎ పనిని దానికి తిరిగి ఇచ్చాను.

కుడిది కుదిరాక ఎడమ వెనక బటన్‌కు ఏ పని ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. చాలామంది బి బటన్‌నే సూచిస్తారు. నేను ఎడమ స్టిక్‌ను లోపలికి నొక్కే పనిని, అంటే ఎక్కువ షూటింగ్ ఆటలలో పరుగు మొదలుపెట్టే పనిని ఇచ్చాను. నడుస్తున్న దిశ చెదరకుండా అదే స్టిక్‌ను బలంగా కిందికి నొక్కమనడం మొదటినుంచీ నాకు నచ్చని ఏర్పాటు; వేలు నొప్పి, స్టిక్‌కు అరుగుదల, రెండూ దానివల్లనే. ఎల్డెన్ రింగ్‌కు మాత్రం వేరే ప్రొఫైల్ పెట్టుకొని, అక్కడ కుడి వెనకది బి అయ్యేలా మార్చుకొన్నాను. క్లా గ్రిప్ అవసరం దానితో తీరిపోయింది.

డెడ్‌జోన్ గురించి ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. స్టిక్ నడిమధ్యన ఉన్నప్పుడు వచ్చే చిన్నచిన్న కదలికలను పట్టించుకోకుండా వదిలేసే ప్రాంతాన్ని డెడ్‌జోన్ అంటారు. దీనిని కంట్రోలర్ యాప్‌లోనూ మార్చవచ్చు, ఆటలోనూ మార్చవచ్చు, స్టీమ్‌లోనూ మార్చవచ్చు. ఒకచోట పెట్టినది మరొకచోట తెలియదు కాబట్టి అన్నీ కలిసి కూడుకుంటాయి. స్టిక్‌ను సగం దాకా నెట్టినా బొమ్మ కదలడం లేదని బాధపడేవారు ముందుగా ఇది చూసుకోవాలి. కంట్రోలర్‌లోనూ, స్టీమ్‌లోనూ సున్నా చేసి, ఆటలో ఉన్నదాన్ని మాత్రం కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయి, వేలు తీసినా చూపు జరగడం మొదలైన చోట ఆగి, అక్కడినుంచి ఒక్క మెట్టు పెంచుకొంటే సరిపోతుంది. స్టిక్ కదలికకు, చూపు వేగానికి మధ్యనుండే సంబంధాన్ని మార్చే కర్వ్‌లకూ ఇదే వర్తిస్తుంది. ఆటలో ఒక వంపు, యాప్‌లో మరో వంపు పెట్టుకొంటే చివరకు వచ్చేది ఎవరి వంపో ఎవరికీ తెలియదు. నేను యాప్‌లో తిన్నని గీతనే ఉంచాను.

స్టిక్ ఎత్తు విషయంలో తమ్ముడి కంట్రోలర్ మీద పొందిన అనుభవమే నాకుంది. దానితోపాటు ఆరు స్టిక్ టోపీలు వస్తాయి, వాటిలో పొడవైనది ఒకటి. కోణం ఒకటే అయినా, స్టిక్ పొడవైనకొద్దీ దాని కొన ఎక్కువ దూరం తిరుగుతుంది. కాబట్టి కుడివైపు పొడవు స్టిక్ పెడితే సన్నని గురి సులభమవుతుంది. దానికి బదులుగా వేలు ఎక్కువ దూరం పోవాలి. చిన్న చేతులవారికి అది లాభమా నష్టమా అన్నది ఆడి చూసుకోవలసిందే, నాకు నష్టమే.

ఆషాఢమాసపు గాలి మొదలయ్యాక ఈ ఊళ్లో కిటికీ మూసినా దుమ్ము ఆగదు. హాల్ సెన్సర్‌కు రాపిడి లేదన్నది నిజమే గాని, స్టిక్ కాడకూ దాని చుట్టూ ఉన్న వలయానికీ మధ్య దుమ్ము చేరితే ఆ రెండూ గరగరమని రాసుకొంటూనే ఉంటాయి. ఆడనప్పుడు కంట్రోలర్ మీద ఒక గుడ్డ కప్పి ఉంచడం, మెత్తని పొడి బ్రష్‌తో అప్పుడప్పుడు ఆ సందును దులపడం తప్ప నేను వేరే ఏమీ చేయడం లేదు. ఎండాకాలపు చెమటకు కూడా అంటించిన రబ్బరు పట్టుకంటే గరుకుగా చేసిన ప్లాస్టిక్కే తుడవడానికి సులువు.

ట్రిగ్గర్ లోతును తగ్గించే ఏర్పాటు నాదాంట్లో లేదు, తమ్ముడిదాంట్లో ఉంది. షూటింగ్ ఆటలలో ట్రిగ్గర్ కొద్దిగా నొక్కగానే తూటా పోవాలి కాబట్టి అతడు దానిని ఎప్పుడూ పొట్టిగానే ఉంచుకొంటాడు. కారు నడిపే ఆటలలో అదే ట్రిగ్గర్ యాక్సిలరేటర్. సగం తొక్కుడు, పావు తొక్కుడు అన్న తేడాలు అందులోనే ఉంటాయి, పొట్టి ట్రిగ్గర్‌తో ఆ తేడాలు వేలికి దొరకవు. మా అక్క కూతురు ఫోర్జా హొరైజన్ 5 ఆడటానికి అదే కంట్రోలర్ తీసుకొంటుంది. ప్రొఫైల్ మారిస్తే బటన్ల పనులన్నీ మారుతాయి గాని, ట్రిగ్గర్ లోతు మాత్రం మారదు, ఎందుకంటే అది వెనకవైపున ఉన్న నిజమైన మీట, చేత్తో జరపవలసిందే. ప్రతి సెలవులోనూ మొదటి మలుపులోనే కారు గోడకు కొట్టుకోవడం, "మామా, మళ్లీ నువ్వే జరిపినావు" అని ఆ పిల్ల తమ్ముడి మీదికి పోవడం, అతడు కంట్రోలర్ తిరగేసి రెండు మీటలూ వెనక్కు జరిపి ఇవ్వడం మా ఇంట్లో మామూలయిపోయింది.