కాడో లేక్‌లో కరెంటు మోటారు

డాలస్ నుంచి ష్రీవ్‌పోర్ట్ వైపు వెళ్లిన వాళ్లకి ఐ-20 హైవే సంగతి తెలిసిందే, చెప్పడానికేమీ లేదు. మార్షల్ దగ్గర దిగి 43వ నంబరు రోడ్డు పట్టుకుని కార్నాక్ దాటితే కాడో లేక్. టెక్సస్, లూసియానా రెండింటి మీదా పరుచుకున్న నీళ్లు. నీళ్లలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మల నుంచి బూడిదరంగులో వేలాడే నాచు. నవంబరులో సైప్రస్ ఆకులు ఇటుకరంగుకి తిరుగుతాయని విని అప్పటిదాకా ఆగి వెళ్లాం. ఆ రంగు గురించి, అక్కడ తిన్న క్యాట్‌ఫిష్ గురించి వేరేవాళ్లు చాలా రాశారు. నాకు రాయాలనిపించింది ఆ పడవ వెనక బిగించిన చిన్న కరెంటు మోటారు గురించి.

నాది కైకలూరు, మా బావది ఆకివీడు. ఇద్దరం కొల్లేటి గాలి పీల్చి పెరిగినవాళ్లమే. తాటి దోనె మీద నిలబడి గెడ వేస్తూ చేపలకి వెళ్లేవాళ్లని చూస్తూ పెరిగాం. అందుకే పడవ అద్దెకి తీసుకునే చోట పెట్రోలు ఇంజనున్న పడవ చూపిస్తే బావ వద్దన్నాడు. పద్నాలుగు అడుగుల అల్యూమినియం జాన్ బోటు, అడుగు చదునుగా ఉంటుంది, దాని వెనక చెక్కకి తగిలించిన ట్రోలింగ్ మోటారు, అంటే బ్యాటరీతో నడిచే చిన్న కరెంటు మోటారు, చాలన్నాడు. అద్దె మాత్రం పెద్దపడవకి, దీనికి పెద్ద తేడా లేదు. లైఫ్ జాకెట్లకి విడిగా తీసుకున్నారు, అది నాకు నచ్చలేదు. మనిషికొకటి ఉండాలని చట్టమే చెబుతుంటే పడవతోపాటే ఇవ్వాలి కదా!

మోటారు 12 వోల్టులది, 55 పౌండ్ల తోపు. పిడిని తిప్పితే ముందుకి అయిదు స్పీడులు, వెనక్కి మూడు. బ్యాటరీ మామూలు సీసపు బ్యాటరీ, 100 ఆంపియర్-అవర్ (లెక్కకి 100 ఆంపియర్లు వాడితే గంట వచ్చే నిల్వ) అని దాని మీద రాసుంది. మోసేసరికి నడుం పట్టేసింది. "సాయంత్రం దాకా ఢోకా లేదు, అయిదులో పెట్టి పొండి" అని అద్దెకిచ్చినతను ధీమాగా చెప్పాడు.

మొదటి గంట గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంజను మోత లేదు, పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. పడవ పక్కన నీళ్లు కదులుతున్న చప్పుడు, ఎక్కడో వడ్రంగిపిట్ట మానుని కొడుతున్న చప్పుడు, అంతే. కొంగలు మమ్మల్ని చూసి కూడా లేవలేదు. నీటి అడుగున మొద్దులున్న చోట్ల పెట్రోలు ఇంజనుల వాళ్లు నంబర్లు వేసిన బోటు రోడ్లు (పడవల కోసం గుర్తులు పెట్టిన నీటిదారులు) దాటి పక్కకి రావడానికి భయపడతారు. మేము నెమ్మదిగా చెట్ల మధ్యకే దూరిపోయాం. ఒకప్పుడు ఇదే నీళ్ల మీద జెఫర్సన్ ఊరిదాకా స్టీమర్లు తిరిగేవి. రెడ్ రివర్‌లో మైళ్ల కొద్దీ అడ్డంపడిన దుంగల వల్ల ఇక్కడ నీళ్లు ఎత్తుగా నిలిచి ఉండేవి. 1873లో ఆ దుంగలన్నీ తీసేశాక నీటిమట్టం పడిపోయింది, స్టీమర్ల కథ ముగిసింది. ఇప్పుడున్న నీళ్లు తర్వాత కట్టిన ఆనకట్ట పుణ్యం.

చెట్టు మొదట్లో క్రాపీ చేపలుంటాయి. అక్కడ పడవని కదలకుండా నిలబెట్టి, గాలాన్ని నిట్టనిలువునా దింపాలి. కరెంటు మోటారు పనితనం తెలిసేది అక్కడే. ఒకటో స్పీడులో పెట్టి, గాలికి ఎదురుగా పిడిని పట్టుకుంటే పడవ ఉన్నచోటే ఉంటుంది. గెడ వేసేవాడు ఎలాగైతే కర్రని నేలలో గుచ్చి ఒంటి బరువుతో దోనెని ఆపుతాడో, అచ్చం ఆ పనే ఇది. వేగం కోసం చేసిన యంత్రం కాదిది. ఎంత పెద్ద మోటారు పెట్టినా గంటకి నాలుగైదు మైళ్లు దాటడం కష్టం. పౌండ్లు పెరిగితే బరువైన పడవని గాలిలో, ప్రవాహంలో పట్టుకునే బలం పెరుగుతుంది తప్ప పరుగు పెరగదు. చేతిలో పిడి పట్టుకున్నాక గాని ఈ సంగతి నాకు ఎక్కలేదు.

మధ్యాహ్నానికి నాలుగు క్రాపీలు పడ్డాయి. అప్పుడు గాలి మొదలైంది.

తిరుగుదారిలో ఒక మలుపులో నీళ్లే కనపడలేదు. అంతా పచ్చటి సాల్వీనియా. బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ మొక్క, అనువైన కాలంలో వారం తిరక్కుండానే రెట్టింపవుతుందట. కాడోలో 2006లో కనిపించింది. దాన్ని తినడానికి ప్రత్యేకంగా చిన్న నల్లపురుగుల్ని పెంచి వదులుతున్నారు. దాని పక్కనే ఊదారంగు పువ్వు లేకుండా, ఉబ్బిన కాడలతో గుర్రపుడెక్క. బావ దాన్ని చూసి "ఇక్కడికీ వచ్చిందా ఇది!" అన్నాడు. కొల్లేటిలో దానితో పడ్డ అవస్థ గుర్తొచ్చి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు కాడోకి 1993లో, కొల్లేటికి 2002లో వచ్చింది. రెండు చోట్లా మనుషులు ఈ కలుపుతోనే పోరాడుతున్నారు.

మోటారు గొంతు మారింది. ప్రొపెల్లర్‌కి తీగలు చుట్టుకున్నాయి. ఎత్తి తీసేయడం, దించడం, మళ్లీ చుట్టుకోవడం. అదయ్యాక ఎదురుగాలి. అయిదులో పెట్టినా పడవ ముక్కు ఒక పక్కకే పోతోంది. బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపే దీపాల్లో ఒక్కటే వెలుగుతోంది. సాయంత్రం దాకా అన్న బ్యాటరీ మూడింటికే చేతులెత్తేసింది. అది ఎన్నేళ్ల పాత బ్యాటరీయో, రాత్రి పూర్తిగా ఛార్జి పెట్టారో లేదో ఎవరికి తెలుసు? ఎండ వాలుతోంది, ఈ నీళ్లలో మొసలి జాతి ఎలిగేటర్లున్నాయని పొద్దున బోర్డు చూశాం. టెన్షన్ మొదలైంది.

అప్పుడు చెట్ల చాటున ఒక పెద్దాయన కనిపించాడు. డెబ్భై దాటి ఉంటాయి. ఆయన మోటారు పడవ ముందుభాగాన ఉంది, కాలితో తొక్కి నడుపుతున్నాడు. మీట నొక్కితే ఉపగ్రహాల లెక్కతో తనంతట తానే ఒకచోట నిలబడే రకం. రెండు మూడు వేల డాలర్ల పైమాటే, మా పడవ కంటే ఖరీదు. తాడు కట్టి లాక్కెళ్లనా అని అడిగాడు. బావ మొహమాటపడి వద్దన్నాడు. "సరే, అయితే నేను చెప్పినట్టు చెయ్యండి" అని పక్కకి తెచ్చి ఆపాడు.

ముందు స్పీడు రెండుకి దింపమన్నాడు. అయిదులో ఈ మోటారు 50 ఆంపియర్ల దాకా తాగుతుంది, రెండులో అందులో సగం కూడా తాగదు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి, కొత్త బ్యాటరీ అయినా అయిదులో గంటకి మించి నడపకూడదు. పడవ రెట్టింపు వేగంతో పోవాలంటే సుమారు ఎనిమిది రెట్లు శక్తి కావాలి. ఇదంతా ఆయన లెక్క వేసి చెప్పలేదు. "నెమ్మదిగా పోతేనే ఇంటికి చేరతారు" అన్నాడంతే, లెక్క నాకు తర్వాత కుదిరింది. రెండోది, మోటారు తలని పూర్తిగా వెనక్కి తిప్పి, పడవ వెనకభాగమే ముందుగా పోయేలా నడపమన్నాడు. వెనక నుంచి తోస్తే గాలికి ముక్కు కొట్టుకుపోతుంది. ముందుండి లాగితే పడవ దాని వెంటే వస్తుంది. మూడోది, కలుపులోకి వెళ్లగానే ఒక్క క్షణం రివర్సు కొట్టమన్నాడు. చుట్టుకున్న తీగ చాలాసార్లు దానంతటదే విడిపోతుంది. ఇక గాలి తగలకుండా చెట్లని ఆనుకుని పొమ్మని చెప్పి, తానూ మా వెనకే వచ్చాడు.

చేరాం. నడక కంటే నెమ్మదిగా, కానీ చేరాం.

ఒడ్డున ఆయన వదల్లేదు. మా మోటారుని పైకెత్తి, ప్రొపెల్లర్ నట్టు విప్పి, వాషరు బావ చేతిలో పెట్టి, ప్రొపెల్లర్ బయటికి లాగాడు. దాని వెనక ఇరుసు చుట్టూ ఆకుపచ్చ గాలపు దారం, వెంట్రుక మందాన, గట్టిగా బిగుసుకుని ఉంది. మాది తెల్ల దారం, అంటే ఇది ముందెవరిదో. చాకు మొనతో ఒక్కో చుట్టూ కోసి తీశాడు. ఆ దారం లోపలి సీలుని కోసేస్తే మోటారులోకి నీళ్లు పోతాయి, ఇక అది పనికిరాదు. ఇరుసుకి అడ్డంగా ఉన్న చిన్న పిన్నుని చూపించి, ఏ మొద్దుకో తగిలితే ముందు ఇదే విరుగుతుంది, జేబులో ఎప్పుడూ ఒకటి ఉంచుకోండన్నాడు. చివరికి పడవకి అంటుకున్న సాల్వీనియా ముక్కల్ని ఒక్కొక్కటీ ఏరి పారేసి చెయ్యి కడుక్కున్నాడు. ఒక్క ముక్క ఇంకో చెరువుకి చేరితే చాలట, అక్కడా ఇదే గతి. మేమిచ్చిన రెండు క్రాపీలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరైనా అడగలేదు.

తిరుగు ప్రయాణంలో మార్షల్ దాటేదాకా బావ ఒకటే లెక్కలు. వాళ్ల తమ్ముడికి ఆకివీడు దగ్గర చేపల చెరువుంది. తవుడు నింపిన చిల్లుల సంచుల్ని వరుసగా కట్టి మేత పెడతారు. రోజూ పొద్దున్నే ఒక మనిషి పడవ తోసుకుంటూ సంచి సంచికీ ఆగుతూ పోవాలి. కలుపు ఉండదు, దూరం లేదు, వేగం అక్కర్లేదు, ప్రతిచోటా ఆగాలి. ఈ మోటారుకి అంతకంటే తగిన పని ఉందా అని బావ వాదన. నాకూ అది సబబే అనిపించింది. పెద్ద లిథియం బ్యాటరీని విమానంలో వెంట తీసుకెళ్లనివ్వరు, మోటారు ఒక్కటీ సామాన్లలో పెట్టుకోవచ్చు. బ్యాటరీకి బాధ లేదు, ఇన్వర్టరుకి వాడే 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ భీమవరంలో ఏ షాపులోనైనా దొరుకుతుంది. అది నెమ్మదిగా, లోతుగా ఖాళీ అయ్యేలా చేసిందే. సంక్రాంతికి వెళ్లినప్పుడు బిగించి చూస్తాం. అదనంగా నాలుగు పిన్నులు కూడా కొనమని బావకి చెప్పాను.