వరద తర్వాత అడ్డుగోడ: జిప్సం బోర్డు బదులు మేం ఏం పెట్టించాం

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపంతా మునిగింది. మా కింది అంతస్తులో నీళ్లు ఛాతీ ఎత్తున నిలిచాయి. వారం దాటాకే వీధిలో నేల కనిపించింది. ఫైరింజన్లు వచ్చి వీధులతో పాటు ఇళ్లలో బురద కూడా కడిగి వెళ్లాయి. బయటి ఇటుక గోడలు మరకలు పడ్డాయి కానీ చెక్కుచెదరలేదు. ట్యూషన్ గదికీ హాలుకీ మధ్య ఉన్న జిప్సం బోర్డు గోడ మాత్రం కింది సగం ముద్దగా ఊడి చేతికొచ్చింది.

ఆ గోడ కట్టించినప్పుడు అది మా అవసరానికి సరిపోయిన పనే. హాల్లో కొంత భాగం పిల్లలకు పాఠాలు చెప్పుకోవడానికి విడిగా కావాలనుకున్నాం. సిమెంటు, ఇసుక గొడవ లేకుండా చప్పున అయిపోయింది. ఇప్పుడు మళ్లీ ఏదో ఒకటి నిలబెట్టాలి. మా వీధిలో చాలామంది షాపువాళ్లు ఏది చూపిస్తే అది తెచ్చేసుకున్నారు. నాకు మాత్రం ముందు ఆ పాత గోడ ఎందుకు అలా అయిందో తెలుసుకోవాలనిపించింది.

మిగిలిన బోర్డు విప్పించి చూస్తే చాలా విషయాలు అర్థమయ్యాయి. బోర్డుకు రెండు వైపులా ఉండేది కాగితం. నీళ్లు నిలిచిన గుర్తుకు అడుగు పైదాకా చెమ్మ పాకి, ఆ కాగితం మీద నల్లగా బూజు పట్టింది. శబ్దం రాకుండా మధ్యలో పెట్టిన గాజు పీచు, అంటే గ్లాస్‌వూల్ నీళ్లు పీల్చుకుని కిందికి జారిపోయి, బయట అంతా ఆరినా ఇంకా తడిగానే ఉంది. బోర్డును పట్టి ఉంచే జీఐ (జింకు పూత వేసిన ఇనుము) ఛానెళ్లు కోసిన చోటల్లా తుప్పెక్కాయి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది గోడ లోపల పేరుకున్న బురద. డ్రైనేజీ కలిసిన బురద అది. బయట ఎంత బ్లీచింగ్ చల్లినా దాని వాసన పోలేదంటే కారణం ఇదే. అంటే బోర్డు మారిస్తే సరిపోదు, గోడ లోపల బోలు ఉండాలా వద్దా అన్నది కూడా తేల్చుకోవాలి.

మామయ్యగారు మొదటి రోజే తేల్చేశారు. "ఇటుకే పెట్టించమ్మా. బయటి గోడలు చూడు, కదిలాయా?" అన్నారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నీళ్లకు ఇటుకను మించింది లేదు. కానీ మేస్త్రి వచ్చి ఒక టైలు లేపి చూసి, "అమ్మా, ఇక్కడ కింద బీము లేదు. ఇన్ని రోజులు నీళ్లు నిలిచాక నింపిన మట్టి ఎక్కడో కుంగే ఉంటుంది. దీని మీద నాలుగున్నర అంగుళాల గోడ లేపితే ఆరు నెలల్లో పగుళ్లిస్తుంది" అన్నాడు. లెక్క వేసుకున్నాం. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. ప్లాస్టరింగ్‌తో కలిపితే ఇటుక గోడ చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. తలుపు జాగా తీసేసినా మొత్తం రెండు టన్నులు దాటింది. ఇటుకే కావాలంటే గచ్చు పగలగొట్టి, తవ్వి, కింద కాంక్రీటు పోసి రావాలి. ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి ఇచ్చిన సాయం 25,000 రూపాయలు. ఫ్రిజ్జు, మంచాలు, వైరింగు అన్నీ పోయిన ఇంట్లో దాన్నంతా గోడకే పెట్టలేం.

ఏఏసీ బ్లాకుల (లోపల గాలి బుడగలతో చేసే తేలిక కాంక్రీటు ఇటుకల) గురించి మా తమ్ముడు చెప్పాడు. హైదరాబాద్‌లో ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాడు. "అక్కా, ఇటుకలో సుమారు మూడో వంతు బరువే ఉంటుంది, నాలుగు అంగుళాలది తీసుకో" అన్నాడు. బరువు విషయంలో అతను చెప్పింది నిజమే. కానీ ఆ బ్లాకు నిండా సన్నటి గాలి గదులే. నీళ్లలో పాడు కాదు గానీ పీల్చుకున్న నీటిని తొందరగా వదలదు. రెండు వైపులా ప్లాస్టరింగ్, పుట్టీ పని కూడా ఇటుకతో సమానంగానే ఉంటుంది.

ఇలా ఎవరి మాట వాళ్లు చెబుతుంటే, అన్నిటి ముక్కలూ తెచ్చి నీళ్లలో వేసి చూద్దామని నిర్ణయించుకున్నాను. షాపుల్లో శాంపిల్ ముక్కలు అడిగితే ఇస్తారు. జిప్సం, తేమను తట్టుకుంటుందని చెప్పే ఆకుపచ్చ కాగితం జిప్సం, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక), మామూలు ప్లైవుడ్, మెరైన్ ప్లైవుడ్, బైసన్ బోర్డు, సిమెంట్ ఫైబర్ బోర్డు, ఏఏసీ ముక్క, సిమెంట్ ప్యానెల్ ముక్క. ప్రతి దాని మీదా మార్కర్‌తో పేరు, మందం రాసి బకెట్లలో వేశాను. మంచినీళ్లు కాదు, పెరట్లోని మట్టి కలిపిన నీళ్లు. మా ట్యూషన్ పిల్లలు రోజూ స్కేలు పట్టుకుని వచ్చి మందం కొలిచేవాళ్లు.

ఎండీఎఫ్ మొదటి రోజే పూరీలా పొంగింది. మామూలు ప్లైవుడ్ అంచుల్లో పొరలు విడిపోయాయి. మెరైన్ ప్లైవుడ్ నిలిచింది. ప్లైవుడ్ కొనేవాళ్లు మీద ముద్ర చూసుకోవాలి. ఐఎస్ 303 అంటే మామూలు రకం, ఐఎస్ 710 అంటే మెరైన్ రకం. ఎంత మంచిదైనా అది చెక్కే, మా వైపు చెదల బెడద ఉంది కాబట్టి దాన్ని వదిలేశాను. ఆకుపచ్చ జిప్సం మామూలు దానికన్నా ఎక్కువసేపు ఆగింది, చివరికి దాని కాగితమూ ఊడింది. బాత్‌రూమ్ పక్క గోడకు వచ్చే తేమకే అది పనికొస్తుంది, నిలవ నీళ్లకు కాదు. బైసన్ బోర్డు అంచుల్లో చాలా కొద్దిగా లావెక్కింది, ఆరాక గట్టిగానే ఉంది. చెక్క తునకల్ని సిమెంటుతో కలిపి నొక్కి చేస్తారు కాబట్టి మామూలు పార్టికల్ బోర్డులా విచ్చిపోలేదు. సిమెంట్ ఫైబర్ బోర్డు రంగు ముదిరింది, అంతే. ఏఏసీ ముక్క మొదట తేలింది. తర్వాత బరువెక్కింది. తీసి ఎండలో పెడితే మిగతావన్నీ ఆరినా అది ఇంకా చల్లగానే ఉంది.

అమెరికాలో విపత్తుల సంస్థ ఫెమా ఇచ్చిన సూచనలు కూడా అప్పుడే చదివాను. వరద ప్రాంతాల్లో కింది అంతస్తుకు వాడే సరుకు కనీసం 72 గంటలు నీళ్లలో ఉన్నా పెద్దగా పాడవకూడదని అందులో ఉంది. కాగితం అంటించిన జిప్సం బోర్డు అందులో పనికిరాని వైపు, ఇటుక, కాంక్రీటు, సిమెంట్ బోర్డు పనికొచ్చే వైపు ఉన్నాయి. మా బకెట్లు చెప్పిందీ అదే.

పీవీసీ ప్యానెళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వరద తర్వాత మా దగ్గర ఎక్కువగా అమ్ముడైనవి అవే. నీళ్లకు ఏమీ కావు, నిజమే. కానీ బోలుగా ఉంటాయి, లోపలికి బురద వెళ్తే కడగలేం. పైగా నిప్పంటుకుంటే పీవీసీ నుంచి వచ్చే పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పిల్లలు కూర్చునే గదికి అది పెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు.

చివరికి రెండే మిగిలాయి. జీఐ ఫ్రేముకు రెండు వైపులా సిమెంట్ ఫైబర్ బోర్డు కొట్టడం ఒకటి. ఏరోకాన్ లాంటి గట్టి సిమెంట్ ప్యానెళ్లు నిలబెట్టడం రెండోది. ఈ ప్యానెల్‌కు రెండు వైపులా సిమెంట్ షీటు, మధ్యలో తేలికపాటి సిమెంట్ మిశ్రమం నిండి ఉంటుంది. అంచుల్లో ఒకదానికి గాడి, ఇంకోదానికి నాలుక ఉండి ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. బోలు లేదు కాబట్టి బురద దాక్కునే చోటే లేదు. మా గోడ మొత్తం అర టన్నుకు కాస్త అటూ ఇటూ వచ్చింది. జిప్సంకన్నా ఖర్చు ఎక్కువే, గచ్చు తవ్వి ఇటుక కట్టడంకన్నా తక్కువే. 75 మిల్లీమీటర్ల ప్యానెల్ ఖాయం చేశాం. సిమెంట్ షీటు ఏదైనా సరే ఆస్బెస్టాస్ లేనిదేనా అని అడిగి, కాగితం మీద రాయించుకుని మరీ కొనండి. కోసేటప్పుడు ఆ దుమ్ము ఇంట్లోవాళ్లే పీలుస్తారు. మేం కోత పని అంతా పెరట్లో, నీళ్లు చల్లుతూ, మాస్కులు పెట్టించి చేయించాం.

ప్యానెళ్లు నేరుగా టైల్స్ మీద నిలబెట్టకుండా నాలుగు అంగుళాల కాంక్రీటు దిమ్మ పోయించాం. రోజూ ఇల్లు కడిగినా కింది అంచుకు నీళ్లు తగలవు. ఎలక్ట్రీషియన్‌తో వైర్లన్నీ పై నుంచి కిందికి దింపించి, స్విచ్‌బోర్డులు వరద గుర్తుకు పైన పెట్టించాం. చూడ్డానికి ఎత్తుగా కనిపిస్తాయి, మామయ్యగారికి మొదట నచ్చలేదు. ఈసారి నీళ్లొస్తే మీటర్ దగ్గర ఆపేదాకా కరెంటు భయంతో గడపక్కర్లేదని చెప్పాక ఊరుకున్నారు.

పైఅంతస్తు హాల్లో కూడా అప్పుడే ఒక గది విడగొట్టుకున్నాం, ముఖ్యమైన కాగితాలు, బియ్యం, పిల్లల పుస్తకాలు ఇకపై అక్కడే ఉండాలని. అక్కడ మాత్రం జిప్సం బోర్డే పెట్టించాం. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. అక్కడికి వరద రాదు, గోడ స్లాబు మీద నిలబడాలి కాబట్టి ఎంత తేలికైతే అంత మంచిది. జిప్సం బరువులో దాదాపు 21 శాతం స్ఫటికంలో కలిసిపోయిన నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతూ వేడిని కొంతసేపు ఆపుతుంది. మధ్యలో గ్లాస్‌వూల్ పెడితే శబ్దం కూడా బాగా ఆగుతుంది. ఈ ఒక్క విషయంలో కింది ప్యానెల్ గోడ వెనకబడింది. అవతల టీవీ గట్టిగా పెడితే ట్యూషన్ గదిలోకి వినిపిస్తుంది. సాయంత్రం రెండు గంటలు టీవీ తగ్గించుకోవడం మా ఇంట్లో మాట అనుకున్నాం.

రంగుల విషయంలో తొందరపడకండి. ప్యానెల్ గోడ త్వరగానే సిద్ధమైంది కానీ దానికి రెండు చివర్లా ఉన్న పాత ఇటుక గోడలు ఆరడానికి నెలలు పట్టింది. పాలిథీన్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి రాత్రంతా ఉంచితే, పొద్దున లోపలివైపు చెమట పట్టిందంటే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే. అది ఆగేదాకా సున్నంతోనే సరిపెట్టాం. ఎమల్షన్ రంగు వేసేసిన పక్కింట్లో సంక్రాంతి నాటికే పెచ్చులూడి ఉప్పు బయటికొచ్చింది. సిమెంట్ ప్యానెళ్లకు కూడా క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాకే రంగు వేయించాం.

వేసవి ఎండలకు ప్యానెల్ గోడ పైన బీమును కలిసే చోట వెంట్రుక మందం పగులు వచ్చింది. పుట్టీ పెట్టబోతే తమ్ముడు వద్దన్నాడు. రెండు వేర్వేరు సరుకులు కలిసే చోట పుట్టీ మళ్లీ విడిపోతుందట. సాగే గుణం ఉన్న, పైన రంగు వేసుకోవడానికి వీలయ్యే యాక్రిలిక్ సీలెంట్ నింపించాం. ఇప్పటిదాకా మళ్లీ పగులు కనిపించలేదు. అల్మారాలు, బోర్డులు తగిలించేటప్పుడు కూడా మామూలు మేకు కొట్టకుండా డ్రిల్ చేసి యాంకర్ స్క్రూలే వాడుతున్నాం. నల్లబల్ల బరువుగా ఉంది కాబట్టి దానికి మాత్రం గోడకు ఇటు నుంచి అటు బోల్టులు వేయించాం.