మిగులు గడి

గురువారం, రాత్రి పదకొండు కావస్తోంది.

అమ్మ లెక్కల పుస్తకం ఈరోజుతో అయిపోయింది. ఏటా డిసెంబర్ దాకా వచ్చేది ఈసారి అక్టోబర్ దాటలేదు. తను ఎక్కువ రాసిందేమో అనుకుని పాతది తీసి పక్కన పెట్టి చూశాను. అదే అట్ట, అదే బొమ్మ, ధర కూడా అదే. పేజీలు లెక్కపెడితే ఇరవై తక్కువ. ధరలు రాసుకునే పుస్తకమే ఇలా మోసం చేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

పొద్దున అసలు గొడవ టీవీతో మొదలైంది. ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో చెప్తుంటే అమ్మ చేతిలో పని ఆపి వచ్చి నిలబడింది.

"ఏరా, ధరలు తగ్గాయటనా?"

"ధరలు కాదమ్మా. ధరలు పెరిగే వేగం తగ్గింది."

"అంటే పెరిగాయా, తగ్గాయా?"

"పెరిగాయి. పోయినసారి పెరిగినంత కాదు, అంతే."

"ఆ ముక్కే చెప్పి చావొచ్చుగా. ఇంత సంబరంగా తగ్గింది తగ్గింది అంటాడేం?"

నా దగ్గర జవాబు లేదు. నూరుకు దొరికే వస్తువు ఒక ఏడాది 8 శాతం పెరిగితే 108 అవుతుంది. మరుసటి ఏడాది 3 శాతమే పెరిగితే టీవీలో "తగ్గింది" అంటారు, వస్తువు మాత్రం 111 దాటి కూర్చుంటుంది. జీతం ఆ నూరు దగ్గరే ఉన్నవాళ్లకు ఆ వార్త ఎందుకూ పనికిరాదు. అమెరికాలో 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరి తర్వాత దిగింది. ధరలు మాత్రం వెనక్కి వెళ్లలేదు. జనం ఇంకా ఎందుకు మండిపడుతున్నారని అక్కడి పెద్దమనుషులు కొన్నాళ్లు ఆశ్చర్యపోయారు. మా అమ్మని అడిగినా చెప్పేది.

స్నానానికి వెళ్తే కొత్త సబ్బు. మధ్యలో గుంట. ఒకప్పుడు ఇటుకలా బల్లపరుపుగా ఉండేది, ఇప్పుడు నడుం సన్నబడింది. అందంగానే ఉంది, కాదనను. పాత సబ్బు అరిగి బిళ్లలా మిగిలితే అమ్మ పారేయదు. తడిపి కొత్తదానికి అతికిస్తుంది. ఇదివరకు ఆ బిళ్ల జారిపోయేది, రెండు రోజులు దాంతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ గుంటలో చక్కగా కూర్చుంది. "చూశావా, అతికించుకోవడానికి చోటు కూడా వాళ్లే ఇచ్చారు" అంది. నవ్వొచ్చింది. తర్వాత బస్సులో నిలబడి ఉన్నప్పుడు నవ్వు రాలేదు.

ఇలా ధర మార్చకుండా సరుకు తగ్గించడాన్ని ఇంగ్లిష్‌లో ష్రింక్‌ఫ్లేషన్ అంటారు. ఫ్రాన్స్‌లో 2024 జులై 1 నుంచి, బరువు తగ్గించి పాత ధరకో అంతకన్నా ఎక్కువకో అమ్మే సరుకు పక్కన ఆ సంగతి చెప్పే బోర్డు పెట్టాలని పెద్ద దుకాణాలకు నిబంధన పెట్టారు. ధరల లెక్కలు కట్టేవాళ్లు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారని నేను ఇన్నాళ్లూ అనుకునేవాణ్ని. అది తప్పు. గ్రాముకు ఎంత పడుతోందని చూస్తారు కాబట్టి బరువు తగ్గినా వాళ్ల లెక్కలో ధర పెరిగినట్టే. మోసపోయేది మా అమ్మ పుస్తకమే. అందులో "సబ్బులు - 2" అని ఉంటుంది, గ్రాములు ఉండవు.

ఆఫీసులో మధ్యాహ్నం ఇంక్రిమెంట్ కాగితం చేతికొచ్చింది. 4 శాతం. కాంట్రాక్ట్ ఉద్యోగికి కాగితం రావడమే గొప్ప అని పక్క సీటు ఆయన అన్నాడు. ఇచ్చిన మేడమ్ మంచి మనిషే. "ద్రవ్యోల్బణం కూడా దాదాపు అంతే కదండీ, సరిపోతుంది" అంది. ఆ మాట పట్టుకుని సాయంత్రం దాకా నలిగిపోయాను. నిజంగా సరిపోతుందా? ఎవరికి సరిపోతుంది?

టీవీలో వచ్చే అంకె ఒక సగటు. దేశంలో అందరి ఖర్చునూ కలిపి ఒకే సంచీలో వేసి, ఆ సంచీ ఎంత బరువెక్కిందో చూస్తారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఎక్కువ ఖర్చు పెట్టేవాడి సరుకులు ఆ సంచీలో ఎక్కువ చోటు తీసుకుంటాయి. 1959లో ప్రైస్ అనే ఆర్థికవేత్త ఈ సంగతే పట్టుకుని ఇలాంటి సూచీని ధనస్వామ్యం అన్నాడు. పైసాకో ఓటు తప్ప ఇంటికో ఓటు కాదు. కార్లూ విమాన టికెట్లూ చవకైతే సగటు కిందికి దిగుతుంది. మేము విమానం శబ్దం వినడమే తప్ప ఎక్కింది లేదు.

ఎంత తేడా ఉంటుందో చూద్దామని బస్సులో ఫోన్‌లో వెతికాను. బ్రిటన్‌లో 2022 అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 11.1 శాతం, 41 ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. అదే నెలకు అక్కడి గణాంక కార్యాలయం ఆదాయాన్ని బట్టి ఇళ్లను విడదీసి కూడా లెక్క కట్టింది. బాగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు 11.9, బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు 10.5. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆ రోజుల్లో బాగా మండినవి తిండీ, కరెంటూ, గ్యాసూ. 2023 మార్చి నాటికి అక్కడ మొత్తం ద్రవ్యోల్బణం 10.1 శాతం ఉంటే తిండి సరుకుల ధరలు ఒక్క ఏడాదిలో 19 శాతం పైనే పెరిగాయి. సంపాదనలో సగం వంటింటికే పోయే మనిషికీ, పదో వంతు పోయే మనిషికీ ఆ 10.1 ఒకేలా ఎలా వర్తిస్తుంది? ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు ముందేసుకుని ఇదే చెప్పాడు. ఇల్లు ఎంత పేదదైతే ఆదాయంలో అంత పెద్ద భాగం తిండికే పోతుందని. నూట అరవై ఏళ్లు దాటినా ఆ మాటను ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

దిగే స్టాప్ దాటిపోయింది. ఒక స్టాప్ వెనక్కి నడిచాను. చదువు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

ఇంటికొచ్చాక మన ఇంటి అంకె ఎంతో నేనే తేలుస్తానని అమ్మ పుస్తకాలు రెండూ ముందేసుకున్నాను. పద్ధతి తేలికే. లాస్పైర్ అనే ఆయన 1871లో చెప్పినదాన్నే కొద్ది మార్పులతో ఇప్పటికీ ఎక్కువ దేశాల్లో వాడుతున్నారు. పోయినేడు ఈ నెలలో ఏమేం ఎంతెంత కొన్నామో అవే, అంతే కొంటే ఈ నెలలో ఎంతవుతుంది? అంతే సంగతి.

అమ్మ ప్రతి పేజీనీ ఎర్ర పెన్నుతో నాలుగు గడులుగా గీస్తుంది. వస్తువు, ఎన్ని, ఖర్చు, మిగులు. మిగులు గడి కుడి చివర సన్నగా ఉంటుంది. నేను చదువుకునే రోజుల పుస్తకాల్లో ఆ గడిలో అక్కడక్కడా అంకెలు ఉండేవి, కొన్నింటి చుట్టూ సున్నా చుట్టి ఉండేది. ఈ రెండు పుస్తకాల్లో ఆ గడి మొత్తం తెల్లగా ఉంది. అయినా ప్రతి పేజీలో గీత మాత్రం గీసింది.

రెండు పుస్తకాల్లోనూ ఉన్న వస్తువులు ఇరవై రెండు తేలాయి. సబ్బు దగ్గర చిక్కొచ్చింది. పాత బరువెంతో గుర్తులేదు. వాసన కోసం పాత పుస్తకంలో దాచిన సబ్బు కాగితం పేజీల మధ్య దొరికింది, దాని మీద చూసి వేశాను. చవకరకం సరుకుల దగ్గర ఇంకో విషయం బయటపడింది. మంచి రకాలు కాస్త పెరిగాయి, మేము కొనే అడుగు రకాలే ఎక్కువ పెరిగాయి. ఇది మా ఒక్కరి ఖర్మ కాదు. కరోనా తర్వాతి ధరల మీద కవాల్లో, క్రివ్త్సోవ్ అని ఇద్దరు పది దేశాల్లోని దుకాణాల ధరలు తీసి చూశారట. తిండి సరుకుల్లో చవక బ్రాండ్ల ధరలు ఖరీదైనవాటి కన్నా 1.3 నుంచి 1.9 రెట్లు వేగంగా పెరిగాయని తేలింది. అందరూ ఒక మెట్టు దిగి చవకవాటి మీద పడటం కూడా ఒక కారణమన్నారు. పై మెట్టు మీద ఉన్నవాళ్లకు దిగడానికి మెట్లున్నాయి. ఆఖరి మెట్టు మీద ఉన్నవాళ్ల పక్కకు వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ కిందేముంది, నేలే.

ధర తక్కువున్నప్పుడు ఎక్కువ కొని పెట్టుకోవచ్చుగా అంటారు తెలిసినవాళ్లు. దీని మీద కూడా పరిశోధన ఉంది. అమెరికాలో టాయిలెట్ పేపర్ కొనుగోళ్ల మీద! నవ్వకుండా చదివాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు పెద్ద ప్యాకులూ డిస్కౌంట్లూ వాడుకోలేక ఎక్కువ ధర పెట్టి కొంటున్నారని, చేతిలో డబ్బు ఆడే నెల మొదట్లో మాత్రం వాళ్లూ ఆ పని చేస్తున్నారని అందులో తేలింది. తెలివి లేక కాదన్నమాట, చేతిలో లేక.

సరే, లెక్కకొస్తాను. అన్నీ వేశాక మా ఇంటి అంకె 7 దాటింది. ఇరవై రెండు వస్తువుల లెక్కకు పెద్ద విలువేం లేదు, రెండు చోట్ల కూడిక కూడా తప్పాను. అయినా 4కూ 7కూ మధ్య తేడా నా కూడిక వల్ల వచ్చింది కాదు. ఇంటద్దె ఒక్కటే సగం లాగేసింది. "అప్పులున్నవాడికి ద్రవ్యోల్బణం మంచిదే, అప్పు విలువ కరిగిపోతుంది" అని డిగ్రీలో చదివిన వాక్యం గుర్తొచ్చింది. జీతం కూడా ధరలతో సమానంగా పెరిగితే, వడ్డీ పెరగకుండా ఉంటే మంచిదే. ఆ రెండు షరతులూ పుస్తకంలో మరీ చిన్న అక్షరాల్లో వేసినట్టున్నారు.

ఆపేసేవాణ్నే, కానీ ఒక వరుస దగ్గర ఆగాను. మందులు. పోయినేటి కన్నా ఈ ఏడాది ఖర్చు తగ్గింది. ఇరవై రెండింటిలో ఖర్చు తగ్గినది అదొక్కటే. ముందు సంతోషమేసింది, ఒక్కటైనా చవకైందని. పక్కన "ఎన్ని" గడి చూస్తే పోయినేడు 30. ఈ నెల 16. అంతకు ముందు నెల 16. దానికి ముందు 15.

అమ్మ బీపీ మాత్రలు రోజుకొకటి.

లేచి వెళ్లి అలమర తీశాను. షీటును కత్తెరతో కోసి ఇచ్చిన ముక్కలు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో నాలుగు, ఇంకోదాంట్లో రెండు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు ముక్క ఎవరింటికి వెళ్లిందో. వెనక్కి తిప్పి చూస్తే మందు పేరు కూడా సగమే ఉంది.

"రోజు విడిచి రోజు వేసుకుంటున్నావా?"

అమ్మ కొత్త పుస్తకానికి గీతలు గీస్తోంది. తలెత్తలేదు. "బాగానే ఉంటోందిరా. తల తిరగడం కూడా లేదు. అన్నీ పెరుగుతుంటే ఏదో ఒకటి తగ్గాలిగా."

"మాత్రలా తగ్గించేది?"

"అద్దె తగ్గిస్తానంటే ఒప్పుకుంటారా మరి?"

ఎప్పట్నించి అని అడిగితే వేసవి నుంచీ అంది. నాలుగు నెలలు దాటింది. ఈ పుస్తకం రోజూ నా ముందే ఉంటుంది, నెలకోసారి కూడిక నేనే వేస్తాను. మొత్తం అటూ ఇటుగా సరిపోతోంది కదా అని ఎప్పుడూ పైకి చూడలేదు. ఆ మేడమ్ "సరిపోతుంది" అంటే మధ్యాహ్నం అంతా కోపం తెచ్చుకున్నాను. నేనూ ఆఖరి వరుసే చూశాను.

గట్టిగా అరిచాను కాసేపు. అమ్మ కూడా అరిచింది. నీ చెప్పులకు మూడుసార్లు కుట్లు వేయించుకుని నువ్వు తిరగట్లేదా అంది. అది నిజమే కాబట్టి నేను ఊరుకున్నాను. చెప్పు తెగితే కాలికే తెలుస్తుంది, బీపీ అలా చెప్పి రాదు అని తర్వాత తట్టింది. అప్పటికే తను గిన్నెలు సర్దడానికి లోపలికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక పుస్తకం నా వైపు జరిపి, "నువ్వే చెప్పు, ఎలా గీయమంటావ్?" అంది. పేజీలు తక్కువ కదా, గడులు ఇరుకైతే ఇంకొన్ని నెలలు లాగొచ్చని తన ప్లాను. నేను పెన్ను తీసుకున్నాను. మూడు గడులు ఎప్పట్లాగే గీశాను. నాలుగోదాని దగ్గర తనే నా చెయ్యి ఆపి, పైన మిగులు అని రాయొద్దంది. ఏం రాయనంటే, మాత్రలు అని రాయమంది, రోజూ టిక్కు పెడతానంది. నీ మనశ్శాంతి కోసమే సుమా అని కూడా అంది.

సన్నటి గడి. ఒక్క టిక్కుకు సరిపోతుంది.

రేపు సాయంత్రం బస్సు ఒక స్టాప్ ముందే దిగాలి. మూడు షీట్లు, నిండువి. కత్తెర తీయకముందే చెప్పాలి.