కామా ఎక్కడ పెట్టాలో కర్తను అడగండి

ఇంగ్లీషు వాక్యంలో ‘అండ్’ గానీ ‘బట్’ గానీ కనిపించగానే దాని ముందు ఒక కామా పెట్టేయడం నాకు చాలాకాలం అలవాటుగా ఉండేది. చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా పెట్టాలని చిన్నప్పుడు నేర్చుకున్నాను. ఊపిరి అందరికీ ఒకేచోట ఆగదు కనుక నా రాతలో కామాలకు ఒక నిలకడ ఉండేది కాదు. అనువాదాలు దిద్దే పనిలోకి వచ్చాకే, కామా నియమం వాక్యనిర్మాణానికి సంబంధించినదని నాకు బోధపడింది.

నియమం చిన్నదే. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అనే ఏడు సముచ్చయాలలో ఏదైనా రెండు స్వతంత్ర వాక్యాలను కలిపితే దాని ముందు కామా వస్తుంది. తరువాతి భాగంలో కర్త లేకుండా క్రియ మాత్రమే ఉంటే సాధారణంగా రాదు. ‘షీ ఓపెన్డ్ ద లెటర్ అండ్ రెడ్ ఇట్’ అన్న వాక్యాన్ని మనం ‘ఆమె ఉత్తరం విప్పి చదివింది’ అంటాం. ‘షీ ఓపెన్డ్ ద లెటర్, అండ్ హర్ బ్రదర్ రెడ్ ఇట్’ అన్నప్పుడు ‘విప్పి’ కుదరదు, ‘ఆమె ఉత్తరం విప్పింది, తమ్ముడు చదివాడు’ అనవలసిందే. అసమాపక క్రియతో సాఫీగా సాగిపోయే చోట ఇంగ్లీషులో కామా అక్కరలేదని, రెండు సమాపక క్రియలు, ఇద్దరు కర్తలు తప్పనిసరైన చోట కామా కావాలని గుర్తించిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ‘అండ్ షీ రెడ్ ఇట్’ అని అదే కర్తను మళ్ళీ రాస్తే కామా పెట్టాలి కాబట్టి, చివరి తీర్పు మాత్రం కాగితం మీద కనిపించే కర్తదే. రెండు వాక్యాలూ మరీ పొట్టివైతే కామా వదిలేసినా తప్పు పట్టరు.

‘బికాజ్’, ‘వెన్’, ‘ఇఫ్’ వంటివాటితో మొదలయ్యే ఉపవాక్యం ముందు వస్తే దాని చివర కామా ఉంటుంది, వెనక వస్తే సాధారణంగా ఉండదు. కానీ వ్యతిరేకార్థక క్రియ తరువాత ‘బికాజ్’ వచ్చినప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ‘హీ డిడ్ నాట్ గో బికాజ్ షీ కాల్డ్’ అంటే అతను వెళ్ళాడనీ, ఆమె పిలవడం దానికి కారణం కాదనీ అర్థం రావచ్చు. ‘గో’ తరువాత కామా పెడితే అతను వెళ్ళనే లేదు, ఆమె పిలుపే అందుకు కారణం. ఒక్క గీతతో మనిషి ప్రయాణమే ఆగిపోతుంది!

జాబితా చివర ‘అండ్’, ‘ఆర్’ల ముందు పెట్టే కామాను ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పాటించే ఈ పద్ధతిని పత్రికలు చాలావరకు పాటించవు. నేను దాన్ని వదలను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు చట్టంలో, ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని కామా లేకుండా ఉండేది. సరుకు పంపిణీ ఒక విడి పనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమా అన్న సందేహం మీద ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు కోర్టుకెక్కగా, 2017లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం చట్టంలో అస్పష్టత ఉందని చెప్పి వారి పక్షాన నిలిచింది. 2018లో ఆ వివాదం 50 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

నేను దిద్దే ప్రతుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ‘హౌఎవర్’ది. అర్థంలో అది ‘బట్’కు దగ్గరే అయినా వ్యాకరణంలో సముచ్చయం కాదు, క్రియావిశేషణం. కనుక రెండు వాక్యాల మధ్య అది వచ్చినప్పుడు ముందు సెమికోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ, తరువాత కామా ఉండాలి. ‘బట్’తో వాక్యాన్ని మొదలుపెట్టినప్పుడు దాని వెంటనే కామా పెట్టడం కూడా తరచుగా చూస్తుంటాను, ‘ఆఫ్ కోర్స్’ లాంటి మాటను మధ్యలో ఇరికిస్తే తప్ప అక్కడ కామాకు చోటు లేదు.